ఆడికి ముందు గురువారం

మా ఆఫీసులో నా బల్ల మీద ఎప్పుడూ రెండు వస్తువులు ఉండేవి. ఒకటి రోజుకో కాగితం చింపే తమిళ క్యాలెండరు, రెండోది వచ్చిన ఉత్తరాలు నమోదు చేసే రిజిస్టరు. పొద్దున కుర్చీలో కూర్చోగానే ముందు క్యాలెండరు చూసేదాన్ని. రాహుకాలం ఎప్పుడు, మంచి వేళ ఎప్పుడు అని చూసుకున్నాకే రిజిస్టరు తెరిచేదాన్ని. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఆ వరస మార్చలేదు. ఆ వరస వల్ల ఒక పిల్ల చదువు చెడింది. పుదుచ్చేరిలో ఉండే మన తెలుగువాళ్ల ఇళ్ల పిల్లలు ఇద్దరు ముగ్గురు ఇప్పుడు ఆఫీసు కుర్చీల్లోకి వచ్చారు. వాళ్లలో తెలుగు అక్షరం చదవగలిగినవాళ్లూ ఉన్నారు. అందుకని ఇది రాస్తున్నాను.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కాలికి జబ్బు చేసి ఇంట్లోనే ఉండిపోయాను. మా నాన్న బట్టల మిల్లులో పనిచేసేవాడు. షిఫ్టు లేని పూట నేల మీద సుద్దముక్కతో తెలుగు అక్షరాలు దిద్దించాడు. తమిళం పక్కింటి అత్త నేర్పింది. ఇంగ్లీషు పాత పేపర్లలో నేర్చుకున్నాను. పదో తరగతి పరీక్ష ఇంటి నుంచే కట్టి రాశాను, టైపు పాసయ్యాను. పుదుచ్చేరిలోనే ఒక ఇంజనీరింగ్ కాలేజీలో టైపిస్టుగా చేరి, చివరికి శిక్షణ విభాగంలో సీనియర్ గుమస్తాగా రిటైరయ్యాను. బడి మెట్టు ఎక్కనిదాన్ని కాలేజీలో కూర్చోబెట్టినందుకు రోజూ సాయంత్రం దీపం పెట్టి దేవుడికి దండం పెట్టుకుంటాను. ఆ పూట నాకు మేలు చేసిన ముగ్గురిని తలుచుకోవడం నా అలవాటు. బస్సులో చోటిచ్చిన మనిషయినా సరే, ముగ్గురు ఉండాలి.

శిక్షణ విభాగం పని పెద్దదేమీ కాదు. ఆఖరి సంవత్సరం పిల్లలు ఏదైనా ఫ్యాక్టరీలో ఆరు వారాలు పని నేర్చుకుని సర్టిఫికెట్ తేవాలి. అది లేకపోతే డిగ్రీ ఇవ్వరు. మన పిల్లలకు అది కష్టం కాదు. ఎవరో ఒక మామ ఊరవతల ఫ్యాక్టరీలుండే సేదరపేట్‌లో సూపర్‌వైజరుగా ఉంటాడు. ఆయన గేటు దగ్గర ఒక మాట చెబుతాడు, పిల్లవాడు సోమవారం నుంచి వెళతాడు, మేము వెనకాల ఉత్తరం టైపు చేస్తాము. మాట ముందు, కాగితం తరువాత. ఎవరూ తప్పు పట్టలేదు.

ఆ పిల్ల ఆఫ్రికా నుంచి వచ్చింది. వాళ్ల ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద మా దగ్గర ఆహార పదార్థాల తయారీ చదివింది. పొడుగ్గా, నెమ్మదిగా ఉండేది. ఎవరితో మాట్లాడినా రెండు చేతులూ ముందు కట్టుకుని నిలబడేది. పరీక్షలన్నీ పాసైంది, మిగిలింది ఆ ఆరు వారాలే. వీసా సెప్టెంబరు నడిమి దాకా ఉంది. అంతలోపల సర్టిఫికెట్ తెస్తే డిగ్రీతో ఇంటికి పోతుంది, లేకపోతే నాలుగేళ్ల చదువూ ఇక్కడే వదిలి పోవాలి.

మొదటిసారి నా బల్ల దగ్గరికి వచ్చినప్పుడు ప్లాస్టిక్ సంచిలో చుట్టిన ఫైలు గుండెకు ఆనించుకుని ఉంది. ఇంగ్లీషులోనే మాట్లాడేది, మధ్యమధ్యలో అమ్మా అనేది.

"అమ్మా, శిక్షణ ఎట్లా దొరికింది అని నా క్లాసులో అందరినీ అడిగాను. అందరూ మామ అన్నారు. నాకు ఇక్కడ మామ లేడు."

నాకు నవ్వు వచ్చింది. ఆమె నవ్వలేదు.

అప్పటికే రెండు నెలలుగా తనంతట తాను తిరుగుతోంది. టౌన్ బస్సెక్కి సేదరపేట్ పోయి, ఒక్కో గేటు దగ్గరా నిలబడేది. ఒకచోట కాపలావాడు ఆధార్ చూపమన్నాడు. పాస్‌పోర్టు చూపిస్తే, ఇది కాదు ఆధార్ కావాలి అన్నాడు. ఒకచోట దరఖాస్తు కంప్యూటరులో నింపమన్నారు. అందులో ఆధార్ అంకెలకు పన్నెండు గళ్లు ఉన్నాయి, అవి నింపకపోతే తరువాతి పేజీ రాదు. ఇంకోచోట ఆఫీసరు మర్యాదగా కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, హెడ్డాఫీసుకు రాస్తాను అన్నాడు. ఆయన రాయడని కాఫీ అయ్యేలోపలే ఆమెకు తెలిసిందట. "కాదు అని ఎవరూ అనరు అమ్మా. అంటే నేను ఇంకో గేటుకు పోయేదాన్ని," అంది. ఆ మాట నాకు తగిలింది. మన ఊళ్లో కాదనడం మర్యాద కాదు కదా. ఆ మర్యాదకు ఆమె రెండు నెలలు పోయాయి.

అప్పుడు నాకు ఒక అన్న గుర్తుకొచ్చాడు. స్వంత అన్న కాదు. శనివారం భజనలో మా వెనక వరసలో కూర్చుని తాళం వేసేవాడు. ఏంబలం పక్కన సేద్యం చేసుకునే తెలుగువాళ్ల కుటుంబం. ఈయన మాత్రం సేదరపేట్‌లో పండ్ల గుజ్జు పొట్లాలు కట్టే చిన్న ఫ్యాక్టరీకి మేనేజరు. ఫోన్ చేశాను.

"ఏంది చెల్లెలా, వెలినాటు పిల్లా? మన దేశం గాదా? మన కారం తట్టుకుంటాదా?"

"నాలుగేండ్లుగా హాస్టల్ సాంబారు తింటా ఉండాది అన్నా."

"అట్టయితే ఏదైనా తట్టుకుంటాది. పంపించు. ఎప్పుడొస్తాది?"

నేను నిజమే చెప్పాను. విదేశీ విద్యార్థి ఫ్యాక్టరీలో అడుగుపెట్టాలంటే పైఆఫీసు అనుమతి కాగితం ముందు రావాలి. మన పిల్లలకు ఆ నిబంధన లేదు. నాకు అలాంటి ఫైలు అదే మొదటిది. కాగితానికి ఇంకో వారం పది రోజులు పడుతుందని చెప్పాను.

"వారమా? వచ్చే బుధవారం ఆడి పుడతాది గదా చెల్లెలా!"

ఆడి అంటే తమిళుల నెల, మన ఆషాఢం లాంటిది. ఆ నెలలో మా వైపు ఎవరూ కొత్త పని మొదలుపెట్టరు.

"మా ముదలాళి సంగతి నీకు తెలవదు," అన్నాడు. ముదలాళి అంటే యజమాని. "ఆడిలో కొత్త మిషను గాదు, కొత్త చీపురు గూడా గేటు లోపలికి రానీడు. ఈ గురువారం కాలు పెట్టమను. కాగితం ఎనకాల వస్తాది. యాడికి పోతాది కాగితం?"

ఆయన మీదా, ఆయన యజమాని మీదా నెట్టేయడం నాకు సులువే. కానీ ఆయన ఆ మాట అనకముందే నా చెయ్యి క్యాలెండరు కాగితాలు తిప్పుతోంది. ఆయన చెప్పకపోయినా నేనే గురువారం అనేదాన్ని. వారం ఆగి ఉంటే యజమాని ఒప్పుకునేవాడేమో, ఇంకో నాలుగు మాటలు చెప్పి ఒప్పించేదాన్నేమో. ఆగినా సెప్టెంబరు మొదట్లో ఆరు వారాలు పూర్తయ్యేవి. ఆ లెక్క వేళ్ల మీద వేసేంత చిన్నది. నేను వేయలేదు.

మా విభాగంలో రెండో బల్ల దగ్గర కూర్చునే ఆయన తమిళాయన, నాకంటే ఆరేళ్లు చిన్న. చక్కెర జబ్బు మనిషి. చక్కెర లేని టీ తాగుతూ లోకాన్నంతా అదే ముఖంతో చూసేవాడు. ఫోన్ పెట్టగానే అన్నాడు: "అక్కా, రాహుకాలం చూస్తారు, యమగండం చూస్తారు. రూలు ఒక్కసారి చూడకూడదా?"

"చూశానయ్యా. కాగితం వస్తుంది కదా."

"వచ్చాక పంపండి. ఆ అమ్మాయికి ఆడి లేదు, ఆవణి లేదు. వాళ్ల ఊళ్లో ఏ నెలైనా నెలే."

"మన ఊళ్లో ఉంది కదా ఇప్పుడు," అన్నాను. గెలిచినట్టు అనిపించింది.

ఆ పిల్ల కూడా అడిగింది. రెండు చేతులూ కట్టుకుని, "కాగితం రాకుండా పోవచ్చా అమ్మా? మేము బయటివాళ్లం. మాకు కాగితమే ముఖ్యం," అంది.

"కాగితం వస్తుందమ్మా, మంచిరోజు మళ్లీ రాదు," అన్నాను.

గురువారం నేను సెలవు పెట్టి ఆమె వెంట వెళ్లాను. పొద్దున గుడిలో అర్చన చేయించి, విభూతి కాగితంలో మడిచి ఇచ్చాను. ఆమె క్రైస్తవురాలు, అయినా వద్దనలేదు. ఫైలులో పెట్టుకుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర మంచి వేళ వచ్చేదాకా పదిహేను నిమిషాలు ఎండలో నిలబడ్డాము. అన్న లోపలి నుంచి చెయ్యి ఊపాడు. "కుడికాలు ముందు పెట్టమ్మా," అన్నాను. ఆమె అప్పటికే ఎడమకాలు ఎత్తింది. ఆగి, కాలు మార్చి, కుడికాలు గేటు లోపల పెట్టి, వెనక్కి తిరిగి సరేనా అన్నట్టు నా వైపు చూసింది.

హాజరు పుస్తకంలో ఆమె పేరు రాసిన వరుస పక్కన అన్న పసుపు చుక్క పెట్టాడు. మంచి మొదలు అన్నాడు. ఆ సాయంత్రం దీపం ముందు నాకు ముగ్గురిని వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. అన్న, ఆయన యజమాని, ఆ పిల్ల.

కాగితం మరుసటి వారం శుక్రవారం వచ్చింది. ఈ ఉత్తరం తేదీ నుంచి అనుమతి అని అందులో స్పష్టంగా ఉంది.

మీరు గుర్తు పెట్టుకోవాల్సిన రోజు గురువారం కాదు, ఈ శుక్రవారమే. గురువారం చేసింది తొందరపాటు. దాన్ని శుక్రవారం దిద్దుకోవచ్చు. అన్నకు ఒక్క ఫోన్ చేసి, హాజరు ఇవాళ్టి నుంచి కొత్తగా మొదలుపెట్టు, వెనకటి ఎనిమిది రోజుల సంగతి నేనే రాసి మా ప్రిన్సిపాలు గారికి చెబుతాను అంటే చాలు. రెండో బల్ల ఆయన ఆ మాటే అన్నాడు. కానీ అప్పటికి ఆడి పుట్టి రెండు రోజులైంది. మంచిరోజు చూసి మొదలుపెట్టినదాన్ని కొట్టేసి ఆడిలో మళ్లీ మొదలుపెట్టడానికి నా మనసు ఒప్పలేదు. కాగితానికి నంబరు వేసి, ఒక నకలు ఆ పిల్లకిచ్చి, ఫైలులో పెట్టేశాను.

నాలుగు వారాలు పని బాగా జరిగింది. అన్న ప్రతి శనివారం భజన కాగానే ఆమె కబుర్లు చెప్పేవాడు. పొద్దుటి షిఫ్టులో కట్టిన పొట్లాలు కారిపోతున్నాయని ఏళ్లుగా గొడవ. ఈ పిల్ల నీలం అట్ట నోటుబుక్కు పట్టుకుని మిషను పక్కన నిలబడి, అరగంటకోసారి వేడి ఎంతుందో రాసుకుందట. మిషను పూర్తిగా కాగకముందే పని మొదలుపెడుతున్నారు, ఇరవై నిమిషాలు ఆగితే కారవు అని తేల్చిందట. "ఇరవై నిమిషాలు ఆగలేకనే ఇన్నాళ్లు పారబోసినాం సూడు చెల్లెలా," అని అన్న తల కొట్టుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే నోరు చేదవుతుంది.

నాలుగో వారం చివర ఏదో మామూలు తనిఖీకి ఇద్దరు అధికారులు ఫ్యాక్టరీకి వచ్చారు. విదేశీ మనిషిని చూసి కాగితాలు అడిగారు. ఆమె పాస్‌పోర్టు, అనుమతి కాగితం నకలు వెంటనే తీసిచ్చింది. వాళ్లు హాజరు పుస్తకం తెరిచారు. ఏ రోజు చేరిందో వెతకాల్సిన పని లేకపోయింది, ఆ వరుస పక్కన పసుపు చుక్క ఉంది కదా. అనుమతికి ఎనిమిది రోజుల ముందు తేదీ అది. వాళ్లు గట్టిగా కూడా మాట్లాడలేదట. రాసుకుని వెళ్లారు. భయపడింది యజమాని. మధ్యాహ్నం భోజనం వేళకు ఆమెను గేటు బయట నిలబెట్టాడు.

మరునాడు ప్రిన్సిపాలు గారు పిలిపించారు. గదిలో ఆయన, ఆ పిల్ల, రెండో బల్ల ఆయన, నేను. ప్రిన్సిపాలు గారు కోపిష్టి కాదు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు: "అనుమతి రాకముందే ఈమెను చేరమని ఎవరు చెప్పారు?"

నన్ను చూసి అడగలేదు. బల్లను చూసి అడిగారు. నాకు రిటైర్మెంటు ఇంకా పదకొండు నెలలుంది. అంత చిన్న ప్రశ్నకు జవాబుగా నా కళ్ల ముందుకు వచ్చింది ఆ పదకొండు నెలలే. రెండో బల్ల ఆయన నా వైపు చూసి, తరువాత పైన ఫ్యాను చూశాడు. నేను చెప్తాను, నేనే చెప్తాను అని లోపల అనుకుంటూనే ఉన్నాను. నోరు తెరవలేదు.

"నేనే అడిగాను సార్," అంది ఆ పిల్ల. "నాకు తొందర. కాగితం వస్తుంది కదా అని నేనే వెళ్లిపోయాను."

ఆయన రాసుకున్నారు.

వరండాలోకి వచ్చాక ఆమె చెయ్యి పట్టుకున్నాను. "ఎందుకమ్మా అట్లా చెప్పావు?"

 "అందరికీ మామ ఉన్నాడు అమ్మా. నాకు మీరే మామ. మామను ఎవరైనా పట్టిస్తారా?"

ఆ సాయంత్రం కూడా దీపం పెట్టాను. నాకు మేలు చేసినవాళ్లలో మొదటి పేరు ఆ పిల్లదే వచ్చింది. నా ఉద్యోగం కాపాడింది కదా. ఆమెకు మేలు చేయమని దేవుడిని అడగాల్సిన చోట, ఆమె నాకు చేసిన మేలుకు దండం పెడుతున్నానని అర్థమై లేచి వచ్చేశాను. కృతజ్ఞత మంచి గుణమని చిన్నప్పటి నుంచి విన్నాను, నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను. అయితే అది తప్పు చేసిన మనిషి దాక్కోవడానికి కూడా చక్కగా పనికొస్తుంది.

మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు ప్రిన్సిపాలు గారి గదికి ఒంటరిగా వెళ్లి అంతా చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదమ్మా?"

"భయపడ్డాను సార్."

"తప్పు ఆఫీసుది అయితే, మా తప్పు, ఈమెకు ఇంకో రెండు నెలలు గడువు ఇప్పించండి అని నేను రాసేవాణ్ని. విద్యార్థి స్వంతంగా చేరింది అని రాసి నిన్ననే పంపించేశాను. ఇప్పుడు మాట మారిస్తే ఎవరు నమ్ముతారు?" కళ్లజోడు పెట్టుకున్నారు. "అయినా రాస్తాను. మీరు వెళ్లి పని చూసుకోండి."

రాశారు. జవాబు రాలేదు. నామీద ఏ చర్యా తీసుకోలేదు. రెండో బల్ల ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. మరునాటి నుంచి నాకు కూడా చక్కెర లేని టీ తెప్పించడం మొదలుపెట్టాడు. నేనూ అదే తాగాను.

ఆ పిల్ల చేసిన నాలుగు వారాలూ చెల్లవన్నారు. వీసా గడువు పెంచుతారేమో అనే ఆశతో, మళ్లీ ఆరు వారాలు చేయించాలని ఈసారి నేను గేటు గేటుకూ తిరిగాను. మంచి వేళ చూడలేదు, మంగళవారం కూడా పోయాను. "ఆ పిల్లా? వద్దక్కా," అన్నారు. ఒక మాటతో ఎక్కడైనా శిక్షణ దొరికే ఊరు మాది. ఒక మాటతో అన్ని గేట్లూ మూసుకోవడం అప్పుడే చూశాను. ఇప్పుడు మాత్రం అందరూ చక్కగా కాదనగలిగారు.

అన్న రెండు శనివారాలు భజనకు రాలేదు. మూడో వారం వచ్చి, తాళాలు చేతిలో పట్టుకుని నా ముందు నిలబడ్డాడు. "ఏం చేస్తాం చెల్లెలా. ఆడికి ముందే మొదలుపెట్టినా ఆడి వదల్లేదు సూడు," అన్నాడు. ఆయనకు అదే ఓదార్పు. నేను కాదనలేదు. పాట మొదలైంది.

సెప్టెంబరులో ఆమె పోయే రోజు పొద్దున మా ఇంటికి వచ్చింది. వీధి చివర ఆటో ఆపి, పెట్టెలు అందులోనే ఉంచి వచ్చింది. ఇడ్లీ పెట్టాను, తిన్నది. నీలం అట్ట నోటుబుక్కు నా చేతికిచ్చి, "ఇది ఫ్యాక్టరీ అన్నకు ఇవ్వండి అమ్మా. చలికాలంలో ఇరవై నిమిషాలు చాలవు, ముప్పై ఆగాలి. ఆఖరి పేజీలో రాశాను," అంది. నా తప్పు గురించి నేను మాట్లాడబోతే తల అడ్డంగా ఊపింది. ఇప్పటికీ అప్పుడప్పుడు మెసేజ్ పెడుతుంది. ఏదో దుకాణంలో పనిచేస్తోంది. డిగ్రీ సంగతి ఆమె రాయదు, నేను అడగను.

ఆ పొద్దున పోబోతూ లేచి, చేతులు కట్టుకుని అడిగింది: "అమ్మా, ఇవాళ మంచిరోజేనా?"

ఎత్తిపొడుపు కాదు. ఆమె ముఖం వెతికాను, నిజంగా ఎత్తిపొడుపు లేదు. నాలుగేళ్లు ఈ ఊళ్లో ఉండి నేర్చుకున్న మర్యాదతో, పెద్దదాన్ని కనుక అడిగింది. ఆమె వెనక గోడ మీద క్యాలెండరు ఉంది. ఆ రోజు అష్టమి.

"చాలా మంచిరోజమ్మా," అన్నాను.

"మీరు చెప్పారు కదా, సరే," అంది. గడప దాకా వెళ్లింది. ఎడమకాలు ఎత్తి, ఏదో గుర్తొచ్చి ఆగింది. కాలు మార్చి, కుడికాలు బయట పెట్టి, వెనక్కి తిరిగి సరేనా అన్నట్టు నా వైపు చూసింది.